శంషాబాద్ నుంచి డాలస్‌కి 17 గంటలేనా? దూరం చెప్పే సైట్ల మీద సమీక్ష

"హైదరాబాద్ టు డాలస్ ఎంత దూరం" అని ఫోన్‌లో కొట్టగానే జవాబు వచ్చేస్తుంది: 14,400 కిలోమీటర్ల చిల్లర, ప్రయాణం 17 గంటల చిల్లర. హన్మకొండలోనో, కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో మొదటిసారి అమెరికా బయల్దేరే అమ్మానాన్నలు "ఎన్ని గంటలల్ల చేరుతం బిడ్డా?" అని అడిగితే పిల్లలు ఆ పేజీ చూసే చెప్తారు. అందులో దూరం నిజం. గంటలు మాత్రం అసలు లేని విమానానికి వేసిన లెక్క. వరంగల్ ఇంటి గుమ్మం నుంచి లెక్కిస్తే ఆ 17 గంటలు దాదాపు రెట్టింపవుతాయి. అది ముందే తెలియకపోతే బీపీ, షుగరు మాత్రల దగ్గర్నుంచి కారు మాట్లాడుకోవడం దాకా అన్నీ తప్పుతాయి. అందుకే ఈ సైట్లు ఏం చెప్తాయి, ఏం చెప్పవు, ఏ పనికి ఏది వాడాలి అన్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు దూరం సంగతి. గ్లోబు మీద ఒక దారం తీసుకుని ఒక కొన శంషాబాద్ మీద, ఇంకో కొన డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం అరేబియా సముద్రం వైపు పోదు, అట్లాంటిక్ వైపూ పోదు. నేరుగా ఉత్తరానికి లేస్తుంది. శంషాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175 డిగ్రీలు, అంటే భూమికి దాదాపు అటువైపూ ఇటువైపూ. అందుకే అతి దగ్గరి దారి ఢిల్లీ పక్కనుంచి హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల దగ్గరికి పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. దూరం చెప్పే సైట్లన్నీ రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని ఈ దారం పొడుగునే లెక్కగడతాయి. ఇందులో అవి తప్పవు. రెండు సైట్ల మధ్య పది ఇరవై కిలోమీటర్ల తేడా కనిపిస్తే, ఒకటి భూమిని గుండ్రటి బంతిగా తీసుకుంది, ఇంకొకటి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంది, అంతే.

వరంగల్ వాళ్లకు ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. ఈ సైట్లలో వరంగల్ పక్కనే ఉన్న మామునూరు ఎయిర్‌పోర్టుకూ పేజీ ఉంటుంది, మూడక్షరాల కోడ్ డబ్ల్యూజీసీ. మామునూరు నుంచి డాలస్‌కి చూస్తే శంషాబాద్ కంటే ఓ 60 కిలోమీటర్లు తక్కువే వస్తుంది. దారి ఉత్తరానికి కదా, మనం శంషాబాద్‌కి ఉత్తరాన ఉన్నాం మరి. లెక్క సరైనదే. కానీ ఆ పేజీ కిందే "విమాన ప్రయాణ సమయం" అని కూడా గంటలు వేసి ఉంటాయి. నిజాం కాలంలో 1930లో కట్టిన ఈ ఎయిర్‌పోర్టును తిరిగి అభివృద్ధి చేయడానికి కేంద్రం పచ్చజెండా ఊపింది 2025 ఫిబ్రవరి చివర్లో. సైట్‌కి ఆ గొడవే లేదు. రెండు కోడ్‌లు ఇస్తే చాలు, మధ్య విమానం ఉన్నా లేకున్నా గంటలు ముద్రించేస్తుంది. ఈ రకం పేజీల మీద మా అసలు అభ్యంతరం ఇదే: "ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా నడిచే విమానం లేదు" అన్న ఒక్క వాక్యం పైన పెట్టినా సగం మంది మోసపోరు.

ఆ గంటలు ఎట్లా వస్తాయో చూద్దాం. దూరాన్ని గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక వేగంతో భాగిస్తారు, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలుపుతారు. 14,400ని 850తో భాగిస్తే 17 గంటలు, అరగంట కలిపితే పదిహేడున్నర. ఇదే సూత్రాన్ని రోజూ నడిచే విమానం మీద పెట్టి చూస్తే దాని లోపం బయటపడుతుంది. శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు. సూత్రం ప్రకారం మూడున్నర గంటలు. టికెట్ మీద మాత్రం పోయేటప్పుడు సుమారు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. ఒకే దారికి అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క. ఎందుకంటే పైన పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. డాలస్ దాకా తీసుకుంటే ఈ తేడా ఇంకా పెద్దది. దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు, డాలస్ నుంచి దుబాయ్‌కి 15 గంటల లోపే. ఏ సైట్ అయితే రెండు వైపులకూ ఒకే సమయం చూపిస్తుందో, అది గాలిని లెక్కలోకి తీసుకోలేదని అక్కడే తేల్చేసుకోవచ్చు.

పేర్ల దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా ఘోరం. పాకిస్తాన్ సింధ్‌లో ఒక హైదరాబాద్ ఉంది, దానికి ఎయిర్‌పోర్టూ ఉంది, కోడ్ హెచ్‌డీడీ. ఊరి పేరు కొట్టి, కింద వచ్చిన వరసలో మొదటిది నొక్కితే అప్పుడప్పుడు అదే పడుతుంది. దుబాయ్‌కి దూరం 2,550 బదులు 1,300 కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. అటువైపు డాలస్‌లోనూ రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. అంతర్జాతీయ విమానాలు దిగేది డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ; ఊళ్లోనే ఉన్న లవ్ ఫీల్డ్ కోడ్ డీఏఎల్. ఇక తెలుగులో రాసుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు, వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ ఎయిర్‌పోర్టు. డాలస్, డల్లెస్ అని చీటీ మీద రాసిస్తే టికెట్ కొట్టే కుర్రాడు ఏది చూస్తాడో చెప్పలేం. రెండింటి మధ్య 1,800 కిలోమీటర్ల పైనే దూరం. ఊరి పేరు ఎప్పుడూ వాడొద్దు, కోడ్ వాడండి: మనది హెచ్‌వైడీ, అక్కడిది డీఎఫ్‌డబ్ల్యూ.

మైళ్ల గోల కూడా ఇక్కడే చెప్పేస్తాం. ఇదే దూరం మామూలు మైళ్లలో 8,960 దాకా, నాటికల్ మైళ్లలో 7,790 దాకా ఉంటుంది. ఒకటి 1.609 కిలోమీటర్లు, ఇంకొకటి 1.852. రెంటినీ కలగలిపి "ఈ సైట్ తప్పు" అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఈ జాతిలో మేం ధైర్యంగా వాడమని చెప్పేది గ్రేట్ సర్కిల్ మ్యాపర్. చూడ్డానికి పాతకాలం సైట్ లాగుంటుంది. కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి రాస్తే దారి గీసి, ముక్కముక్కకీ దూరం, మొత్తం దూరం ఇస్తుంది. మామూలుగా మైళ్లలో చూపిస్తుంది, కిలోమీటర్లకు మార్చుకోవచ్చు. లేని విమానాన్ని ఉన్నట్టు చూపించదు. దీని అసలు ఉపయోగం దారులు పోల్చుకోవడంలో ఉంది. దుబాయ్ మీదుగా డాలస్‌కి 2,550, 12,920 కలిపి సుమారు 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా 2,910, 12,740 కలిపి 15,650. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,370. నేరుగా గీసిన గీత 14,420 అనుకుంటే ఏ దారిన పోయినా అదనం వెయ్యి నుంచి పన్నెండు వందల కిలోమీటర్లే, అంటే గాలిలో గంటన్నర లోపు. నాలుగు దారుల మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. "దోహా చుట్టూ తిరిగి పోవాలట, లండన్ దగ్గరట" అని దూరం చూసి టికెట్ ఎంచుకోవడం దండగ. ప్రయాణం పొడుగయ్యేది మధ్యలో ఆగినచోట.

దూరం కంటే ఆ దూరం ఎట్లా ముక్కలవుతుందో చూసుకోవాలి. దుబాయ్, దోహా దారిలో నాలుగు గంటలు ఒక ముక్క, పదహారు గంటలు ఒక ముక్క. లండన్ దారిలో పదేసి గంటల ముక్కలు రెండు. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం చిన్న విషయం కాదు. అట్లాంటివాళ్లకు పది, పదిగా తెగే దారే మంచిదని మా అభిప్రాయం, టికెట్ ధర నాలుగైదు వేలు ఎక్కువైనా సరే. మధ్యలో భాష ఇబ్బంది అనుకునేవాళ్లు గల్ఫ్ దారే పట్టొచ్చు. అక్కడ తెలుగో, హిందీయో మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. గల్ఫ్ దారికి ఒక జాగ్రత్త: 2025 జూన్ 23 రాత్రి ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే ఎక్కడి విమానాలు అక్కడే ఆగిపోయాయి, కొన్ని దారి మళ్లాయి. ఆ ప్రాంతంలో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో బయల్దేరేముందు ఎయిర్‌లైన్ యాప్ చూసుకోకుండా ఇల్లు కదలొద్దు.

నేరుగా విమానం అసాధ్యమా అంటే, కాదు. మెల్‌బోర్న్ నుంచి డాలస్‌కి క్వాంటాస్ నేరుగా నడుపుతుంది, ఆ దూరం మన దూరమంతే, 14,470 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచే ఎయిర్ ఇండియా 2021 జనవరిలో షికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది, 13,280 కిలోమీటర్లు. అది నిలవలేదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన ఎయిర్‌లైన్స్‌కి గగనతలం మూసేయడంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలకూ దారి పొడుగైంది, కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ దారి ఎంచుకునేవాళ్లు పాత గంటలు పట్టుకుని కూర్చోవద్దు.

మొత్తం గంటల కోసం చూడాల్సింది గూగుల్ ఫ్లైట్స్. ఇది అమ్ముడవుతున్న టికెట్ల మీదే పనిచేస్తుంది కాబట్టి మధ్యలో ఆగే సమయంతో సహా మొత్తం ఎన్ని గంటలో చూపిస్తుంది. ఎక్కే టైమూ దిగే టైమూ ఆయా ఊళ్ల టైములో ఇస్తుంది, తేదీ మారితే పక్కన చిన్నగా ప్లస్ ఒకటి అని వేస్తుంది. ఆ చిన్న అంకెను చూడకుండా పోవద్దు. దీంట్లో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, పైన కనిపించే వాటిలో మధ్య ఆగేది గంటా పావు, గంటన్నర ఉన్నవీ ఉంటాయి. రెండోది, వేర్వేరు టికెట్లు కలిపి చూపించే వరస. లగేజీ మీరే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేసుకోవాలని దాని పక్కన రాసి ఉంటుంది. ఒకే పీఎన్ఆర్ మీద రెండు విమానాలుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. రెండు వేరే టికెట్లైతే ఆ నష్టం మీదే.

మధ్యలో ఎంతసేపు ఆగితే సరిపోతుంది? ఒకే ఎయిర్‌లైన్, ఒకే టికెట్ అయితే రెండున్నర నుంచి నాలుగు గంటలు. అమెరికా విమానాలకు గేటు దగ్గర కాగితాలు మళ్లీ చూస్తారు, కొందరి బ్యాగులు విప్పి తనిఖీ చేస్తారు, గేటు ముందే మూస్తారు. వీల్‌చైర్ అడిగినవాళ్లను దింపి, కుర్చీ వచ్చి, అక్కడికి చేర్చేసరికే ముప్పావు గంట పడుతుంది. గంటన్నర పెట్టుకుంటే ఇదంతా కుదరదు. ఆరు గంటలు దాటితే పెద్దవాళ్లకు కుర్చీల్లో నడుం పట్టేస్తుంది. ఆ తనిఖీలోనే తెలుగువాళ్లు తరచూ చిక్కుకునేది పొడుల దగ్గర. అమెరికా పోయే విమానాల్లో చేతి సంచిలో 350 మిల్లీలీటర్లు, అంటే ఒక కూల్‌డ్రింక్ డబ్బా అంత, దాటిన పొడులు ఉంటే పక్కన పెట్టించే వీలుంది. కారంపొడి, పసుపు, కందిపొడి, ఊరగాయ అన్నీ చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి.

సైట్లు చెప్పింది సరో కాదో సరిచూసుకోవాలంటే ఫ్లైట్‌రాడార్24. టికెట్ మీది విమానం నంబరు కొట్టండి. దుబాయ్ నుంచి డాలస్‌కి ఎమిరేట్స్ అయితే ఈకే 221. డబ్బు కట్టకుండానే గత వారం రోజులు ఆ విమానం ఏ పూట ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది కనిపిస్తుంది. అక్కడ చూపే ప్రయాణ సమయం రన్‌వే వదిలినప్పటి నుంచి రన్‌వే తాకేదాకా. టికెట్ మీదిది గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా. అందుకని రెంటికీ ఇరవై నుంచి నలభై నిమిషాల తేడా ఉంటుంది. చూడాల్సింది మొదటి విమానం సంగతి: అది వారంలో ఎన్నిసార్లు గంట దాటి ఆలస్యమైందో లెక్కపెట్టండి. రెండుసార్లకు మించితే, మధ్య ఆగేది రెండు గంటలున్న టికెట్ కొనొద్దు.

ఇక ఏ సైటూ చెప్పని భాగం, వరంగల్ నుంచి. హన్మకొండ నుంచి 163వ జాతీయ రహదారి మీద జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ సుమారు 170 కిలోమీటర్లు. కోమళ్ల దగ్గరొకటి, బీబీనగర్ దగ్గర గూడూరులో ఒకటి టోల్ గేట్లు. మూడు గంటలు పెట్టుకోవాలి. ఉప్పల్ మీదుగా ఊళ్లోకి పోయే డ్రైవర్‌కి ఔటర్ అని ముందే చెప్పండి. కరీంనగర్ వైపు వాళ్లు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కుతారు. రైలైతే కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, అక్కడి నుంచి పుష్పక్ బస్సు. రెండు పెద్ద పెట్టెలు, వయసు మళ్లిన ఇద్దరు ఉంటే ఈ మారడం మేం సలహా ఇవ్వం. చెక్-ఇన్ కౌంటర్‌ను ఎయిర్‌లైన్‌ను బట్టి 60 నుంచి 90 నిమిషాల ముందే మూసేస్తారు, కాబట్టి మూడున్నర గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం, టైములు ఉదాహరణకే. ఎండాకాలం, మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం. అంటే సోమవారం రాత్రి 9:30కే హన్మకొండ వదలాలి. నాలుగు గంటలు ఎగిరి దుబాయ్‌లో దిగేసరికి అక్కడ 6:30, మనకంటే గంటన్నర వెనక కాబట్టి. మూడు గంటలు ఆగి 9:30కి లేస్తే పదహారు గంటలకు డాలస్. అక్కడ మంగళవారం సాయంత్రం 4:30. గడియారం చూస్తే పొద్దున నాలుగుకి ఎక్కి సాయంత్రం నాలుగున్నరకి దిగినట్టే, పన్నెండున్నర గంటలే. డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అది కలిపితే 23 గంటలు. ఇమ్మిగ్రేషన్, లగేజీకి గంటన్నర, ఇంటికి ముప్పావు గంట. ఇటు హన్మకొండ నుంచి ఆరున్నర గంటలు. మొత్తం సుమారు 32 గంటలు. పేజీ చెప్పింది 17. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా డాలస్ పదకొండున్నర గంటలు వెనక్కి పోతుంది. ప్రయాణం మారదు, దిగే టైము ఒక గంట ముందు కనిపిస్తుంది.

షుగరు మందులు వాడేవాళ్లు ఈ 32 గంటలు పట్టుకుని డాక్టర్‌ను అడగాలి, మాత్ర ఏ ఊరి గడియారం ప్రకారం వేసుకోవాలని. మందులు, చీటీ చేతి సంచిలో ఉండాలి.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి డాలస్‌కి ఇంకో విమానం ఎక్కే టికెట్లూ ఉంటాయి. అమెరికాలో మొదట దిగినచోటే ఇమ్మిగ్రేషన్. అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ బెల్టు మీద వేయాలి. దానికి మూడు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. అబుధాబి మీదుగా ఎతిహాద్‌లో పోతే అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుధాబిలోనే అయిపోతుంది, అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణికుల్లా బయటికి రావచ్చు. ఈ దారిలో అబుధాబిలోనే ఆగే సమయం ఎక్కువ పెట్టుకోవాలి.

వచ్చేటప్పుడు గంటలు తగ్గుతాయి, తేదీ ముందుకు జరుగుతుంది. శనివారం పగలు 11:30కి డాలస్‌లో ఎక్కితే, పద్నాలుగు ముప్పావు గంటలు, దుబాయ్‌లో మూడు గంటలు, ఆపైన మూడున్నర కలిపి ఇరవై ఒకటింబావు గంటలే. కానీ శంషాబాద్‌లో దిగేది ఆదివారం రాత్రి 7:15కి. ఈ తేదీ దగ్గరే కారు మాట్లాడేవాళ్లు తడబడతారు. పోయేటప్పుడు తడబడితే ఇంకా నష్టం: టికెట్ మీద 15వ తేదీ 04:00 అని ఉంటే, 14వ తేదీ రాత్రే ఇల్లు వదలాలి. "15న రాత్రి కదా" అనుకుని మర్నాడు బయల్దేరి, వెళ్లిపోయిన విమానం కోసం శంషాబాద్ చేరేవాళ్లు ఉంటూనే ఉన్నారు. డ్రైవర్‌కి తేదీతోపాటు వారం పేరూ చెప్పండి, "సోమవారం, 14వ తేదీ, రాత్రి తొమ్మిదిన్నర" అని.